దాతకే కాదు, గ్రహీతకూ గుప్తమే

(దేవస్థానం దాతల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

దానధర్మాల గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు ఆదేశించారు. శిబి చక్రవర్తి, బలి చక్రవర్తి, కర్ణుడు, రంతిదేవుడు మొదలైన వారి కథలు ఈ వేదిక మీద పండితుల నోట మీరు ఎన్నోసార్లు విన్నారు. వాటిని నేను తిరిగి చెబితే అది పిండిని మళ్లీ విసరినట్లే అవుతుంది. సోషల్ వర్క్ బోధించడం నా వృత్తి. కనుక నాకు తెలిసిన విషయమే చెబుతాను. అమెరికాలో యూదులు నడుపుకొంటున్న కుటుంబ సేవాసంస్థల గురించి ఈ రోజు మీకు మనవి చేస్తాను. దేవాలయ ప్రాంగణంలో పరమతస్థుల సంస్థ ప్రసక్తి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ఆ సంస్థల నడవడికి మూలమైన భావన కూడా ఒక దేవాలయంలోనే కనిపిస్తుంది.

జెరూసలేములో యూదులకు ఒక మహాదేవాలయం ఉండేది. క్రీస్తుశకం 70వ సంవత్సరంలో రోమన్ సేనలు దానిని నేలమట్టం చేశాయి. ఆ ఆలయ వ్యవహారాలను వివరించే మిష్నా అనే ప్రాచీన ధర్మసంకలనంలో ఒక గది ప్రస్తావన ఉన్నది. దాని పేరు ‘లిష్కత్ హషాయిమ్’. రహస్యపు గది అని దాని అర్థం చెప్పుకోవచ్చు. పాపభీతి గలవారు ఆ గదిలోకి వెళ్లి తమకు తోచినది అక్కడ ఉంచి వచ్చేవారు. ఒకప్పుడు బాగా బ్రతికి చితికిపోయిన మంచి కుటుంబాలవారు అదే గదిలోకి వెళ్లి తమకు కావలసినది తీసుకొనేవారు. ఎవరు ఉంచారో తీసుకొన్నవారికి తెలియదు. ఎవరు తీసుకొన్నారో ఉంచినవారికి తెలియదు.

మనకు హుండీ ఉన్నది. హుండీలో వేసినవారి పేరు స్వామికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ మేరకు మన హుండీ, వారి గది ఒకటే. కానీ హుండీలో వేయడం మాత్రమే గుప్తంగా జరుగుతుంది. పుచ్చుకొనే మనిషి మాత్రం అందరి కంటా పడుతూ వరుసలో నిలబడవలసినదే. ఇచ్చేవారి పేరు దాచాలని మన పెద్దలు ఎంతో చెప్పారు. పుచ్చుకొనేవారి ముఖం దాచవలసిన అవసరాన్ని గురించి మనం అంతగా ఆలోచించినట్లు లేదు. నా ప్రసంగమంతా ఈ ఒక్క విషయం మీదనే.

అలాగని మనకు ఆ భావన బొత్తిగా కొత్తదేమీ కాదు. కుచేలోపాఖ్యానాన్నే చూడండి. కుచేలుడు ద్వారకకు వెళ్లాడు. సన్మానం పొందాడు. అడగలేకపోయాడు. శ్రీకృష్ణుడు అటుకులు తిన్నాడే గాని, నీ ఇంటి పరిస్థితి ఏమిటని నిండు కొలువులో అడగలేదు. చేతిలో ఏమీ పెట్టనూ లేదు. తిరిగి వెళ్లేసరికి ఇంటి దగ్గర అంతా సిద్ధంగా ఉన్నది. పోతనగారి భాగవతంలో ఈ ఘట్టం వింటూ మనం స్నేహాన్ని తలచుకొని కంటతడి పెడతాము. స్వామి ఆ దానాన్ని ఎంత నేర్పుగా చేశాడో గమనించము. అడిగే అవస్థను, చేయి చాపే అవస్థను, చూస్తున్నవారి ఎదుట పుచ్చుకొనే అవస్థను మూడింటినీ ఆయన మిత్రునికి తప్పించాడు.

యూదుల తాల్ముద్ గ్రంథంలో దీనికి జోడైన కథ ఒకటి ఉన్నది. మార్ ఉక్బా అనే పండితుడు పొరుగున ఉన్న ఒక పేదవాని వాకిట తలుపు సందులో రోజూ నాలుగు నాణేలు ఉంచి వెళ్లేవాడు. ఈ ఉపకారి ఎవరో చూడాలని ఒకనాడు ఆ పేదవాడు కాపు కాశాడు. తలుపు కదలగానే మార్ ఉక్బా, ఆయన భార్య పరుగెత్తి, అప్పుడే నిప్పులు ఊడ్చిన ఒక రొట్టెల పొయ్యిలో దూరి దాక్కొన్నారు. ఆయన కాళ్లు కాలాయి. ఆమె కాళ్లు కాలలేదు. నీ పాదాలు నా పాదాల మీద పెట్టుకో అన్నది ఆమె. ఆయన మనసు నొచ్చుకొన్నది. అప్పుడామె కారణం చెప్పింది: తాను ఇంటిపట్టున ఉంటుంది, ఆకలిగొని వచ్చినవానికి తాను పెట్టేది వెంటనే తినడానికి పనికివస్తుంది. నాణెం ఇస్తే అతడు మళ్లీ అంగడికి వెళ్లాలి కదా! దాత ఎవరో తెలిస్తే పేదవాడు సిగ్గుపడతాడని నిప్పుల పొయ్యిలో దూరిన పండితునికన్న, వండిన అన్నం చేతిలో పెట్టిన ఇల్లాలికి ఆ కథ ఒక మెట్టు ఎక్కువ ఇచ్చింది. అన్నప్రసాద వితరణ చేసే మన దేవస్థానాలవారికి ఈ కథ నచ్చుతుందని నా నమ్మకం.

పన్నెండవ శతాబ్దంలో మైమొనిదీస్ అనే మహాపండితుడు దానానికి ఎనిమిది మెట్లు కట్టాడు. అయిష్టంగా ముఖం ముడుచుకొని ఇవ్వడం అట్టడుగు మెట్టు. ఇచ్చినవారెవరో, పుచ్చుకొన్నవారెవరో పరస్పరం తెలియకపోవడం పైనుండి రెండవ మెట్టు. అన్నిటికన్న పై మెట్టు ఏమిటంటే, పడిపోబోతున్నవానికి అప్పు ఇచ్చో, వ్యాపారంలో భాగం ఇచ్చో, పని చూపించో, అతడు మళ్లీ ఎవరినీ అడగనవసరం లేకుండా నిలబెట్టడం. దానానికి వారు వాడే మాట ‘త్సెదాకా’. ఆ మాటకు ధాతువు న్యాయాన్ని సూచిస్తుంది. అంటే వారి దృష్టిలో దానం దయకన్న ముందు న్యాయం. దయగా ఇచ్చినది పుచ్చుకొంటే తల వంగుతుంది. న్యాయంగా రావలసినది పుచ్చుకొంటే వంగనవసరం లేదు.

ఇక సంస్థల మాటకు వస్తాను. యూదులంటే మనకు పూర్తిగా పరాయివారు కారు. కొచ్చిలో వారు శతాబ్దాలుగా నివసించారు. మన గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో తమను యూదులుగా చెప్పుకొనే తెలుగు కుటుంబాలు నేటికీ ఉన్నాయి. అమెరికాకు యూదులు వలస వెళ్లినప్పుడు, ఏ ఊళ్లో పది కుటుంబాలు కుదురుకొన్నా అక్కడ ఒక సహాయ సంఘం వెలిసేది. శాన్ ఫ్రాన్సిస్కోలో 1850లో, లాస్ ఏంజలెస్‌లో 1854లో పుట్టిన సంఘాలు ఈనాటికీ పేర్లు మార్చుకొని నడుస్తున్నాయి. న్యూయార్కులో 1874లో అనేక చిన్న సంఘాలు కలిసి ఒక పెద్ద సంస్థ అయినాయి. బొగ్గు, బియ్యానికి బదులు రొట్టె, అద్దె బాకీ, అంత్యక్రియల ఖర్చు ఇవీ ఆనాటి సేవలు.

ఆ చరిత్ర అంతా తీపి కాదు. ముందుగా వచ్చి స్థిరపడిన జర్మనీ యూదులు ఇచ్చేవారు. వెనుక వచ్చిన రష్యా, పోలండు ప్రాంతాల యూదులు పుచ్చుకొనేవారు. ఇచ్చేవారు విచారణాధికారులను ఇంటింటికీ పంపి, వీరు పాత్రులా అపాత్రులా అని తేల్చేవారు. ఒకే మతం, ఒకే ధర్మశాస్త్రం, అయినా పుచ్చుకొనేవారికి అది కంటగింపుగానే ఉండేది. అపాత్రదానం గురించి మనమూ చాలా చెప్పుకొంటాము. పాత్రత పరీక్షించే తొందరలో పాత్రుణ్ణి అవమానించడం ఎంత సులభమో ఆ చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఆ అవమానానికి జవాబుగానే కాబోలు, 1892లో న్యూయార్కులో పేదల పేటలోని యూదులే కొందరు 95 డాలర్లు పోగుచేసి వడ్డీ లేని అప్పుల సంఘం పెట్టారు. అది ఇప్పటికీ వడ్డీ లేకుండానే అప్పులు ఇస్తున్నది. మైమొనిదీస్ చెప్పిన పై మెట్టు అదే.

మరొక విచిత్రమైన పని కూడా వారు చేయవలసి వచ్చింది. భార్యాపిల్లలను విడిచి పారిపోయే మగవాళ్లు ఎక్కువైనారు. వారిని వెతకడానికి 1911లో ఒక జాతీయ కార్యాలయమే తెరిచారు. ‘ఫోర్వెర్ట్స్’ అనే యిద్దిష్ భాషా దినపత్రికలో ఆ మాయమైన భర్తల ఛాయాచిత్రాలు వరుసగా అచ్చు వేసేవారు. సాయం పుచ్చుకొనే ఇల్లాలి ముఖం దాచి, బాధ్యత వదిలిన మగవాని ముఖం వీధిన పెట్టారన్నమాట. ఏది దాచాలో ఏది దాచకూడదో వారికి బాగానే తెలుసు.

1935లో అమెరికా ప్రభుత్వం సామాజిక భద్రతా చట్టం తెచ్చింది. ఆ కాలం నుండి ముసలితనపు పింఛను, బీదలకు ధనసహాయం క్రమంగా ప్రభుత్వం చేతికి వెళ్లాయి. అప్పుడు ఈ సంస్థలకు ఒక ప్రశ్న ఎదురయింది. రొట్టె ప్రభుత్వం ఇస్తే మనం ఏమి ఇవ్వాలి? డబ్బుతో తీరని కష్టాలున్నవారు మిగిలారు. ఇంట్లో కలహం, పిల్లవాని మొండితనం, తల్లి కుంగుబాటు, ఒంటరి ముదుసలి. సంస్థలు అటు తిరిగాయి. ఈనాడు అమెరికాలో ఊరూరా ఉన్న యూదు కుటుంబ సేవాసంస్థల ప్రధాన వృత్తి ఇదే: మనసు, యువత, వార్ధక్యం.

ఒక ఊరిని ఉదాహరణగా తీసుకొంటాను. పిట్స్‌బర్గ్ అనగానే మన భక్తులకు పెన్ హిల్స్ కొండ మీది శ్రీ వేంకటేశ్వరాలయం గుర్తుకు వస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం సహకారంతో నిర్మించిన ఆ ఆలయంలో 1976లో ప్రతిష్ఠ జరిగింది. మీలో కొందరు పిల్లల దగ్గరకు వెళ్లినప్పుడు దర్శనం చేసుకొనే ఉంటారు. ఆ కొండ నుండి కారులో అరగంట దూరంలోపే స్క్విరెల్ హిల్ అనే పేట ఉన్నది. ఆ ఊరి యూదుల పాత నివాసం అది. అక్కడ యూదు కుటుంబ, సామాజిక సేవాసంస్థ పనిచేస్తున్నది. సేవ పొందడానికి యూదులై ఉండనవసరం లేదు.

ఆ సంస్థవారి ఆహార భాండారం యూదుల ఆహార నియమాలను పాటిస్తుంది. అటువంటి భాండారాలు చాలావాటిలో కట్టిన మూట చేతిలో పెట్టరు. వచ్చినవారు అరల మధ్య బండి తోసుకొంటూ తిరిగి, తమ ఇంటికి పనికివచ్చేది తామే ఎంచుకొంటారు. చూసేవారికి అది అంగడి. ఉద్యోగం వెతుక్కొనేవారికి శిక్షణ ఇచ్చే విభాగం కూడా ఆ సంస్థకు ఉన్నది. కౌన్సెలింగ్‌కు రుసుము ఉంటుంది. ఇటువంటి సంస్థలలో దానిని ఆదాయాన్ని బట్టి తగ్గిస్తారు. పూర్తిగా ఉచితం చేయకుండా కొద్దిపాటి రుసుము ఎందుకని మనం అడుగుతాము. కొంతైనా చెల్లించిన మనిషి తలెత్తుకొని కూర్చుంటాడు. ఇచ్చే దాతల విరాళాలు, ప్రభుత్వ నిధులు, వీలునామాల ఆస్తులు తక్కిన ఖర్చును మోస్తాయి.

మానసిక వ్యాధి విషయంలో వారికి, మనకు ఉన్న పోలిక చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సంప్రదాయం గట్టిగా పాటించే యూదు కుటుంబాలలో పెళ్లిళ్లు పెద్దలు కుదురుస్తారు. ఇంట్లో ఎవరైనా మనోవ్యాధికి మందు వాడుతున్నారని తెలిస్తే మిగతా పిల్లలకు సంబంధాలు రావని దాచిపెడతారు. ఈ మాట ఏ ఊరి గురించి చెబుతున్నానో ఒక క్షణం మీకు అనుమానం వచ్చి ఉంటుంది. చక్కెర వ్యాధికి వాడే మాత్రలు భోజనాల బల్ల మీద ఉంటాయి. నిద్రపట్టక, దిగులు తగ్గక వాడే మాత్రలు బీరువాలో చీరల కింద ఉంటాయి. అందుచేత ఇటువంటి సంస్థలకు గోప్యత ఒక మర్యాద మాత్రమే కాదు, అదే వారి వృత్తికి ప్రాణం. ఎవరు వచ్చారు, ఏమి చెప్పారు అనేది దాతకూ చెప్పరు, పాలకమండలికీ చెప్పరు. లక్షలు ఇచ్చిన దాత కూడా తన సొమ్ము ఏ ఇంటికి చేరిందో అడగకూడదు. ఇది మన దాతలకు కొంచెం కష్టమైన నియమమని నాకు తెలుసు.

పిల్లల సంగతి మరింత సున్నితమైనది. ఆ సంస్థవారు 12 నుండి 22 ఏళ్లవారి కోసం ‘అప్‌స్ట్రీట్’ అనే పేరుతో ఒక ఉచిత సేవ నడుపుతున్నారు. పిల్లలు నేరుగా వెళ్లి కూర్చోవచ్చు. ఫోనులో అక్షరాలు టైపు చేస్తూ కౌన్సెలర్‌తో మాట్లాడవచ్చు. పేరులో వ్యాధి లేదు, చికిత్స లేదు, గమనించండి. పెన్సిల్వేనియా రాష్ట్ర చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండిన పిల్లలు మానసిక చికిత్సకు తామే అంగీకారం తెలుపవచ్చు. తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి కాదు. ఈ మాట ఎప్పుడు చెప్పినా మన తల్లిదండ్రుల ముఖాలు మారుతాయి. మా బిడ్డ మాకు తెలియకుండానా అంటారు. అయ్యా, అమ్మా! బిడ్డ కష్టం మీకు ఇప్పటికే తెలియడం లేదు. తెలిసి ఉంటే బిడ్డ మరొక తలుపు వెతుక్కోడు. ఆ తలుపులోకి వెళ్లిన బిడ్డను కౌన్సెలర్ చాలాసార్లు మళ్లీ తల్లిదండ్రుల దగ్గరకే నడిపిస్తాడు. వెళ్లే తలుపే లేకపోతే ఆ దారి కూడా ఉండదు. మన రాష్ట్రాలలో ఇంటర్ ఫలితాలు వెలువడే రోజులలో దినపత్రికలు చదివేవారికి ఇంతకన్న వివరించనవసరం లేదు. ఆ మార్కులను ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టి చూపించేదీ మనమే.

వృద్ధుల విషయంలో ఆ ఊరివారు ఒక తెలివైన పని చేశారు. కుటుంబ సేవాసంస్థ, వృద్ధుల సంస్థ, సముదాయ కేంద్రం అనే మూడు వేర్వేరు యూదు సంస్థలు ‘ఏజ్‌వెల్ పిట్స్‌బర్గ్’ పేరుతో ఒకటిగా కలిసి, ముసలివారి అవసరాలన్నిటికీ ఒకే ఫోను నంబరు పెట్టాయి. భోజనమో, బండియో, పలకరించే మనిషియో, ఏది కావాలన్నా ఆ ఒక్క నంబరే. ఏ సంస్థ పని ఎవరిదో తేల్చుకొనే బాధ ముసలివారికి లేదు. అది సంస్థలు తమలో తాము తేల్చుకొంటాయి. మన ఊళ్లలో ఒకే వీధిలో మూడు సేవాసంఘాలు ఉండి, మూడింటికీ మూడు ప్రారంభోత్సవాలు జరిగి, ఏ ఒక్కరూ మరొకరితో మాట్లాడని సందర్భాలు మీకు తెలిసే ఉంటాయి.

యూదు వృద్ధులలో నాజీల మారణహోమం నుండి బయటపడినవారు కొద్దిమంది ఇంకా ఉన్నారు. జర్మనీ చెల్లించే పరిహారాన్ని పంచడానికి 1951లో ఏర్పడిన సంఘం ద్వారా ఈ కుటుంబ సేవాసంస్థలకు నిధులు వస్తాయి. వాటితో ఆ వృద్ధుల ఇళ్లకు సహాయకులను పంపుతారు. ఆ సహాయకులకు ప్రత్యేక శిక్షణ అవసరం. స్నానాల గదిలోని షవరు, యూనిఫారం వేసుకొన్న మనిషి, వరుసలో నిలబడమనే కేక, ఇవి మనకు మామూలు విషయాలు. వారిలో కొందరికి అవి ఎనభై ఏళ్ల కిందటి భయాన్ని తిరిగి లేపుతాయి. మతిమరుపు వ్యాధి వచ్చినవారు తరువాత నేర్చిన ఇంగ్లీషు మరచిపోయి బాల్యపు భాషలోకి జారిపోవడం కూడా కద్దు. అప్పుడు ఆ భాష తెలిసిన మనిషి కావాలి. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో మొదటి తరం ఇప్పుడు ఎనభైల వయసుకు చేరుతున్నది. రేపు వారు తెలుగులోకి జారినప్పుడు పక్కన ఎవరుంటారు? ఇప్పటికే అక్కడ కొడుకు ఇంట్లో పగలంతా ఒంటరిగా, కారు నడపలేక, పొరుగువారితో మాట్లాడలేక, కిటికీ దగ్గర కూర్చొనే తల్లిదండ్రులు ఉన్నారు. మీలో ఆరు నెలలు వెళ్లి వచ్చినవారికి ఆ కిటికీ తెలుసు.

ఆ పేటకు 2018లో ఒక ఘోరం సంభవించింది. అక్టోబరు 27, శనివారం ఉదయం, ‘ట్రీ ఆఫ్ లైఫ్’ ప్రార్థనామందిరంలో ప్రార్థన జరుగుతుండగా ఒక దుండగుడు తుపాకితో చొరబడి 11 మందిని చంపాడు. ఆ ఒక్క భవనంలో మూడు భక్తబృందాలు ప్రార్థించుకొనేవి. మరణించినవారిలో పెద్దామెకు 97 ఏళ్లు. శరణార్థులకు ఆశ్రయం ఇస్తున్నారన్నది కూడా వాని ద్వేషానికి ఒక కారణం. ఆ రోజు బాధిత కుటుంబాలు సముదాయ కేంద్రంలో చేరి కబురు కోసం ఎదురుచూస్తుంటే, కుటుంబ సేవాసంస్థ కౌన్సెలర్లు వారి పక్కన కూర్చొన్నారు. ఆ కౌన్సెలర్లు కూడా ఆ ఊరివారే. పోయినవారు వారికీ తెలిసినవారే. మరుసటి సంవత్సరం, ఆ గాయాన్ని దీర్ఘకాలం చూసుకోవడానికి ఆ తేదీనే పేరుగా పెట్టి ఒక స్వస్థతా కేంద్రం తెరిచారు. విపత్తు జరిగిన వారం రోజులు అందరూ వస్తారు. ఏడాది తిరిగిన తరువాత నిద్రపట్టనివారి కోసం తలుపు తెరిచి ఉంచడమే అసలు సేవ.

ఆ సంస్థ ఆశ్రయం చూపిన శరణార్థులు ఎవరో తెలుసా? వారిలో పెద్ద సంఖ్యలో భూటాన్ దేశం నుండి వెళ్లగొట్టబడిన నేపాలీ భాషీయులు ఉన్నారు. వారిలో అధికులు హిందువులు, మనలాగే పూజలు, వ్రతాలు చేసుకొనేవారు. తూర్పు నేపాల్ శిబిరాలలో దాదాపు ఇరవై ఏళ్లు గడిపి, 2008 నుండి అమెరికాకు చేరారు. వారికి ఇల్లు వెతికి, పిల్లలను బడిలో చేర్చి, వైద్యుని దగ్గరకు తోడు వెళ్లినది ఒక యూదు సంస్థ. అయినా అమెరికా అంతటా కలిపి చూస్తే ఆ సమాజంలో 2009 నుండి 2012 ఫిబ్రవరి వరకు 16 ఆత్మహత్యలు జరిగాయి. ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం విచారణ జరిపింది. భాష రాకపోవడం, వెనుక మిగిలిన బంధువుల గురించి దిగులు, కుటుంబాలు విడిపోవడం, వీటితో పాటు తమ ఆచారాలను, మతసంప్రదాయాలను నిలుపుకోలేకపోవడం కూడా వారి కష్టాలలో ఒకటిగా తేలింది. ఇల్లు, తిండి, వైద్యం ఏ సంస్థ అయినా ఇవ్వగలదు. ఆ చివరి కొరత తీర్చగలిగినది దేవాలయమే.

అందుకే ఈ మాటలన్నీ దేవాలయంలో చెబుతున్నాను. కష్టం వచ్చిన మన మనిషి మొదట వైద్యుని దగ్గరకు వెళ్లడు. గుడికి వస్తాడు. ధ్వజస్తంభం దగ్గర చాలాసేపు కూర్చొనే మనిషిని మన అర్చకస్వాములు రోజూ చూస్తూనే ఉంటారు. స్వామి ఎదుట ఏడవడానికి మన సమాజంలో ఎవరికీ సిగ్గు లేదు. భక్తి అనుకొంటారు గనుక. ప్రదక్షిణలతో, పారాయణతో మనసు తేరుకొనేవారు ఎందరో ఉన్నారు. దానిని నేను కాదనను. కానీ ప్రదక్షిణలతో పాటు మందు, మాట కూడా కావలసినవారు కొందరుంటారు. చక్కెర వ్యాధి ఉన్న భక్తునికి తీర్థం ఇచ్చి, మందు మానేయమని ఏ అర్చకస్వామీ చెప్పరు కదా.

ప్రభుత్వం 2022 అక్టోబరు నుండి టెలీ మానస్ అనే ఉచిత సేవ నడుపుతున్నది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వృద్ధుల కోసం 14567 ఉన్నది. ఈ రెండు నంబర్లు మన దేవస్థానం క్యాలెండరులో, ప్రసాదం సంచి మీద, సత్రం గదుల తలుపుల వెనుక అచ్చు వేయడానికి పెద్ద ఖర్చు కాదు. గది తలుపు వెనుక అనడంలో ఉద్దేశం ఉన్నది. అక్కడ ఒంటరిగా చదువుకోవచ్చు.

ఇక దాతలకు ఒక విన్నపం. మెట్ల మీద, గడియారం మీద, చివరకు తిరిగే ఫ్యాను రెక్కల మీద కూడా మనం పేర్లు వ్రాయించాము. ఫ్యాను తిరిగేటప్పుడు ఆ పేరు ఎవరికీ కనిపించదు, ఆపినప్పుడే కనిపిస్తుంది. ఆ విధంగా అది కూడా ఒక రకమైన గుప్తదానమే అనుకోండి! తప్పు పట్టడం లేదు. పేరు చూసి మరొకరు ఇస్తారు. కానీ ఒక్క పనికి పేరు లేకుండా ఇవ్వమని అడుగుతున్నాను. ఈ ప్రాంగణంలో ఒక చిన్న గది కావాలి. అందులో శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులు ఒకరు, వీలైతే ఒక స్త్రీ, ఒక పురుషుడు వంతులవారీగా, వారానికి కొన్ని రోజులైనా కూర్చోవాలి. చికిత్స అవసరమైనవారిని ఏ ఆసుపత్రికి, ఎవరి దగ్గరకు పంపాలో వారికి తెలిసి ఉండాలి. వచ్చినవారి గోత్రనామాలు అడగరాదు. మనకు అలవాటైన ప్రశ్న అది, కాబట్టి ముందే చెబుతున్నాను. దాతల ఫలకం ఉండరాదు. నెలకు ఎంతమంది వచ్చారనే లెక్క తప్ప ఎవరు వచ్చారనే లెక్క మండలి ముందుకు రారాదు.

ఇందుకు ఏ గది ఇవ్వాలన్నది ధర్మకర్తల మండలివారు నిర్ణయిస్తారు. కార్యాలయం పక్కన ఖాళీగా ఉన్న గది సౌకర్యంగానే ఉన్నది గాని, దాని ఎదుటనే ప్రసాదాల వరుస సాగుతుంది. వెనుక ప్రాకారం వైపు ఉన్న పాత సామాను గది చిన్నదైనా మేలని నా అభిప్రాయం. దాని తలుపు గోశాలకు వెళ్లే దారిలోకి తెరుచుకొంటుంది. అటు నడిచే మనిషిని చూసి, ఆవుకు గ్రాసం పెట్టడానికి వెళుతున్నాడనే అందరూ అనుకొంటారు.